నేను కోసేసిన సంచులు

మా బావగారు తెచ్చిన రొయ్యపిల్లలు మంచివే. ఈ ఒక్క మాట చెప్పకుండా చాలా ఏళ్లు దాచాను.

తొంభైల్లో రాజోలు దగ్గర రొయ్యపిల్లల్ని తెచ్చి రైతులకి అమ్మే మా అక్క భర్తతో కలిసి రొయ్యల చెరువు వేశాను. నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రొయ్యపిల్లలొచ్చిన రోజు ఆయన సంచిలో నీళ్లూ, చెరువు నీళ్లూ నాలుకమీద వేసుకుని చూశారు.

"ఉప్పు తేడాగా ఉందయ్యా. సంచులు చెరువులో తేలేసి, కొద్దికొద్దిగా మన నీళ్లు కలుపు. అలవాటు పడ్డాకే వదులు. అసలే నీకు ఓపిక లేదు" అని కూలీల ముందే అన్నారు.

నాకు ఒళ్లు మండింది. అందరూ అన్నాలకి వెళ్లగానే సంచులన్నీ కోసి చెరువులో కుమ్మరించేశాను.

మర్నాడు గట్టు వారంట పిల్లలు తెల్లబడి చచ్చి పడున్నాయి.

"పనికిరాని పిల్లల్ని తెచ్చి నన్ను ముంచేసేరండీ!" అని చుట్టుపక్కల రైతులందరూ వినేలా అరిచాను. బావగారు వాటా వదులుకుని వెళ్లిపోయారు. ఆయన తెచ్చే పిల్లల్ని మరెవరూ కొనలేదు. అక్క నాతో మాట్లాడటం మానేసింది.

చాలా ఏళ్లకి వాళ్లింటికెళ్లి, వంటింట్లో కూర్చుని నిజం చెప్పాను. ఆయన నాకేసి చూడకుండానే, "తిట్టింది గట్టుమీద, ఒప్పుకోడం వంటింట్లోనా?" అన్నారు.

మర్నాడు రైతులంతా చేరే టీకొట్టు దగ్గర, ఆయన ఎదురుగానే నిలబడి చెప్పాను. "ఆరోజు బావగారు తెచ్చిన రొయ్యపిల్లలు మంచివేనండీ. పంతానికి పోయి నేనే చంపేశాను. బావగారూ, నన్ను క్షమించండి."