పక్కింటి మామ కట్టిన స్టేషను

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, రోజూ సాయంత్రం ఒక రైలు గేటు వేసి తీయడం నా పని. ఆ గేటు నా చూపుడు వేలంత పొడవుండేది. రువైస్‌లో మా పక్కింటి మామ తన ఇంట్లో ఖాళీగా ఉన్న ఒక గదిలో, చెక్కబల్లల మీద కట్టుకున్న చిన్న రైల్వే స్టేషనుకు చెందిన గేటు అది.

రువైస్ అబూధాబీ నుంచి రెండు గంటలకు పైగా ప్రయాణం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసుక, మధ్యలో రిఫైనరీ, అందులో పనిచేసేవాళ్ళకు కంపెనీ ఇచ్చిన ఒకే తీరు ఇళ్ళు. నాన్న ప్లాంటులో ఆపరేటరు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలే కాబట్టి బడి నుంచి వచ్చాక ఇంట్లో ఎవరూ లేకపోతే నేను పక్కింటికి పోవాలి. మాది బాపట్ల వైపు. పక్కింటివాళ్ళు గుంతకల్లు ముస్లిములు. ఆయన్ని మామ అనీ, ఆవిడను వాళ్ళ బంధువుల పిల్లలు పిలిచినట్టు ఖాలా అనీ పిలిచేదాన్ని. ఖాలా అంటే పిన్ని కదా, పిన్ని మొగుడు మామ ఎట్లా అయ్యాడే అని అమ్మ నవ్వేది. వాళ్ళ కొడుకులిద్దరూ ఇండియాలో కాలేజీ చదువుల్లో ఉన్నారు. ఆ కొడుకుల గదే స్టేషను అయింది.

మామ వాళ్ళ నాన్న గుంతకల్లు దగ్గర ఒక చిన్న స్టేషనులో పాయింట్స్‌మన్‌గా చేశాడట. రైలు ఏ పట్టాల మీదికి మళ్ళాలో లివరు లాగి మళ్ళించే మనిషి. మామ పుట్టి పెరిగింది ఆ స్టేషను వెనక క్వార్టర్లలోనే. తర్వాత ఆ పాత చిన్న లైను ఎత్తేశారు. స్టేషనునూ, క్వార్టర్లనూ కూలగొట్టారు. మామ దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. అందుకని గుర్తున్నది గుర్తున్నట్టు కట్టుకుంటూ పోయాడు. నేను చూసేనాటికే నాలుగేళ్ళయింది.

ఇంజనూ, పట్టాలూ ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కొన్నాడు. రైలుపెట్టెలకు ఇటుకరంగు తనే వేశాడు. ప్లాంటుకు యంత్రాలు వచ్చిన చెక్కపెట్టెలు విప్పి బల్లలు చేశాడు. పాత పేపర్లు ఉండలు చుట్టి, మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి గుట్టలు పెట్టాడు. గిన్నెలు తోముకునే పచ్చని స్పాంజి తురిమి వేపచెట్లు చేశాడు. నేలకు మాత్రం వాడేసిన టీ పొడి. మా వరసలో ఉన్న తెలుగు ఇళ్ళన్నీ టీ పొడి ఎండబెట్టి ఆయనకు పంపేవి. బయట ఇంత ఇసుక పెట్టుకుని టీ పొడి ఎందుకు మామా అని ఒకసారి అడిగాను.

"అది ఒంటెల మన్ను పాపా. మాది నల్లరేగడి. ఆ ఇసకలో జొన్న మొలుస్తాదా, చెప్పు?"

ఈ నల్లరేగడిలో మాత్రం ఏం మొలుస్తుందని అడగాలని నాకు తోచలేదు. ఆయన చెబితే మొలుస్తుందనే అనుకున్నాను.

ఆ నేల మీద నాలుగు చోట్ల, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, గీత గీసినట్టు సన్నని పగుళ్ళుండేవి. ఒకటి ప్లాట్‌ఫారం మధ్యలోంచే పోయేది. అవేంటని మామను అడిగాను. చేతిలో ఉన్న వైరు చుట్టడం పూర్తిచేసి అప్పుడు చెప్పాడు.

"ఎండకు పగిలింది పాపా. మా తట్టు ఏప్రిల్ వస్తే రేగడి ఇట్లే నోరు తెరుస్తాది. ఒక వాన పడిందంటే మళ్ళా పూడిపోతాది."

ఆ మాట నేను నమ్మాను. అందులో నమ్మకపోవడానికి ఏముంది? పెద్దవాళ్ళు చెప్పింది, అందులోనూ అంత ఇష్టమైన మనిషి చెప్పింది.

ఆ ఏడాది షట్‌డౌన్ వచ్చింది. ప్లాంటు మొత్తం ఆపి, విప్పి, బాగుచేసే మూడు వారాలు. మగవాళ్ళు ఇంటికి నిద్రపోవడానికే వచ్చేవారు. మామ నాకు ఒక గుడ్డా, స్పిరిట్ సీసా ఇచ్చి, రోజూ పట్టాలు తుడుస్తుండమన్నాడు. ఆ ఊళ్ళో కిటికీలు ఎంత బిగించినా దుమ్ము ఆగదు. పట్టాల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు అందక ఇంజను మొరాయిస్తుంది. చివరి వారంలో ఒకరోజు పట్టాలు తుడుస్తూ ఆ పగుళ్ళను దగ్గర నుంచి చూశాను. మామ మళ్ళీ ఆ గదిలోకి వచ్చేలోగా వాన కురిపించాలని నాకు బుద్ధి పుట్టింది.

ప్లాస్టరు సంచి గదిలోనే ఉంది. జిగురు డబ్బా ఉంది. నీళ్ళు కలిపి ఎలా పోయాలో ఆయన చేస్తుంటే ఎన్నోసార్లు చూశాను. రోజుకొక పగులు చొప్పున నాలుగు రోజులు పూడ్చాను. ప్లాస్టరు లోపలికి జారిపోతుంటే ఇంకా ఇంకా పోశాను. పైన టీ పొడి చల్లి, జిగురు నీళ్ళు చిలకరించాను. ఆరాక వేలితో తడిమి చూస్తే ఎక్కడ పగిలిందో నాకే తెలియలేదు. అంత బాగా చేసిన పని నా జీవితంలో ఇంకొకటి లేదేమో.

షట్‌డౌన్ అయిపోయిన రోజు మధ్యాహ్నం మామ బూట్లయినా విప్పకముందే చెయ్యి పట్టి లాక్కెళ్ళాను.

"మామా, మీ ఊళ్ళో వాన పడింది!"

ఆయన బల్ల మీదికి వంగి చూశాడు. ప్లాట్‌ఫారం మీద వేలు పెట్టి మెల్లగా రాశాడు. వెనకే టీ గ్లాసు పట్టుకుని వచ్చిన ఖాలా గుమ్మంలోనే ఆగిపోయింది.

"యా అల్లా! అతుకులన్నీ పూడ్చేసిందే! ఇప్పుడే కోసెయ్, లోపల ఇంకా పచ్చిగానే ఉంటాది."

"ఉండనీలే."

"ఉండనీ ఏంది? రేపు పొమ్మంటే ఎట్ల తీసకపోతావు, నెత్తిన పెట్టుకోనా?"

"ఎవరు పొమ్మంటారు మే? కాంట్రాక్టు ఇంకా రెండేండ్లుండాది."

తర్వాత ఆయన స్టూలు లాక్కుని కూర్చుని రైలు వదిలాడు. ఇదివరకు పగులు వచ్చిన చోటల్లా చక్రాలు టక్కుమనేవి. ఆ రోజు అనలేదు. నేను గేటు వేశాను, తీశాను. ఆయన ఆపకుండా ఎన్ని చుట్లు తిప్పాడో లెక్క లేదు. టీ చల్లారిపోయిందని ఖాలా రెండుసార్లు గుర్తుచేసింది. నా తల మీద చెయ్యి వేసి, "భలే వాన పాపా" అని మాత్రం అన్నాడు.

ఖాలా అన్న మాటలు అప్పుడు నాకు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం ఈ దేశంలో పెరుగుతూ అర్థం చేసుకున్నాను. ఇక్కడ బతికే మనవాళ్ళు ఏ వస్తువు కొన్నా ముందు అది కార్గో అట్టపెట్టెలో పడుతుందా అని చూస్తారు. మంచం కొన్నా బోల్టులు విప్పితే విడిపోయేదే కొంటారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వెళ్ళమన్న రోజున వెళ్ళాలి. మామ తన స్టేషనునూ అట్లాగే కట్టాడు. అది ఒక్క బల్ల కాదు, అయిదు బల్లలు. కింద బోల్టులతో బిగించి, వైర్లు ఊడదీయడానికి వీలుగా పెట్టి, పట్టాలను కూడా ఆ గీతల దగ్గరే కోసి జారుడు పట్టీలతో కలిపాడు. ఒక్కొక్క బల్లా ఒక పెట్టెలో సరిపోతుంది. గుంతకల్లులో ఆయన కట్టించుకున్న కొత్త ఇంట్లో ఈ అయిదు బల్లల కొలతకు సరిపడా ఒక పొడుగాటి గది కూడా వేయించాడు. ఆ ఊరి రైలు మళ్ళీ ఆ ఊళ్ళోనే తిరగాలని ఆయన కోరిక. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇదంతా చెప్పి, మేమూ పోతాం, మీరూ పోతారు, ఇక్కడ ఎవరూ ఉండరు అని చెప్పలేక, ఎండకు పగిలిందని ఒక చిన్న అబద్ధం ఆడాడు.

ఎనిమిది నెలల తర్వాత, కాంట్రాక్టు గడువు ఇంకా ఉండగానే, ముదీర్, అంటే మేనేజరు, పిలిచి మామను ఉద్యోగం చాలించుకోమన్నాడు. ఆయన సెక్షను ఎత్తేస్తున్నారట. నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చేయాలి. ఆ నెల ఖాలా ఇంట్లో టీవీ మోగలేదు. అమ్మ రెండు పూటలా వాళ్ళకు వంట పంపింది. నేను మామూలుగానే వెళ్ళి గేటు వేసి తీశాను.

కార్గో వాళ్ళు వచ్చింది ఒక శుక్రవారం పొద్దున. మామ బల్లల కిందికి దూరి బోల్టులన్నీ విప్పాడు. మా నాన్న ఒక పక్క, ఆయన ఒక పక్క పట్టుకుని లాగారు. బల్లలు కదల్లేదు. లోపలికి జారిన ప్లాస్టరు రాయిలా గడ్డకట్టి, జిగురు పట్టాల అతుకుల్లో దిగిపోయి, అయిదూ ఒక్కటే అయ్యాయి. మొత్తంగా తీసుకెళ్దామంటే అది గుమ్మంలోనే పట్టదు. బయట లారీ దగ్గర నుంచి కార్గో మనిషి తొందరపెడుతూ కేక పెట్టాడు. "భాయ్, గాడీ ఖడీ హై! యల్లా యల్లా!"

మామ చేతిరంపం తెచ్చాడు. మొదటి కోతకే గుట్ట బీట తీసి, పెళ్ళలు పెళ్ళలుగా రాలి, లోపలి పాత పేపర్లు బయటపడ్డాయి. రెండో కోతకు పట్టాలు మెలిపడి లేచాయి. మూడోది ప్లాట్‌ఫారం మధ్యలో. రంపం రెండుసార్లు ఆడిందో లేదో, స్టేషను గది పునాదితో సహా ఊడి పక్కకు ఒరిగింది. ఆయన రంపం ఆపేశాడు. దాన్ని గోడకు ఆనించి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎందుకు కోశావు మామా అని అడిగాను. ఖాలా ఏడుస్తూ అనేసింది.

"నువ్వు పూడ్చినావు కదా పాపా, దానికే. అవి పగుళ్ళు కావు, విప్పుకునే అతుకులు!"

"పాపను ఏంటికంటావు? ఎండకు పగిలిందని చెప్పింది నేనే గదా." ఆయన గొంతు పెంచలేదు. నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "మా ఊరిని ఇన్ని నెల్లు పగులు లేకుండా చూసుకున్న్యా. పోనీలే పాపా. నాకు తెలిసే ఉంచుకున్న్యా."

నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే చెప్పాడో తెలియదు. నాకు ఓదార్పు కలగలేదు. మామ తన మాట పూర్తిచేయకముందే మా ఇంటికి పరుగెత్తి మంచం కింద దూరాను. సాయంత్రం వాళ్ళు బయల్దేరేటప్పుడు అమ్మ పిలిచినా రాలేదు. మామ మా వాకిట్లో కాసేపు నిలబడి, "పడుకుంది కాబోలు, లేపొద్దక్కా" అనడం వినపడింది. నేను మేలుకునే ఉన్నాను. తప్పయింది మామా అనే ఒక్క మాట అనలేదు. మర్నాడు బడికి వెళ్తుంటే చెత్తతొట్టి పక్కన బల్లలు నిలబెట్టి ఉన్నాయి. ఆ వైపు చూడకుండా బస్సెక్కాను.

కొన్నేళ్ళకు నాన్న ఏదో పని మీద గుంతకల్లు వెళ్ళి వాళ్ళింట్లో భోజనం చేసి వచ్చాడు. పొడుగాటి గది చూపించారట. గోడ పొడవునా, బల్ల ఎత్తులో, వరసగా ప్లగ్గులు. వాటి కింద ఏమీ లేదు. ఒక మూల బియ్యం బస్తాలు. పాప ఎట్లుండాది, బాగా చదువుతుండాదా అని మామ పదిసార్లు అడిగాడట. నాన్న ఇది చెబుతుంటే నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. మరి రెండేళ్ళకు మామ పోయాడని ఖాలా ఫోను చేసింది. నేను అనాల్సిన మాట ఇంక అనేందుకు ఎవరూ లేరు.

ఆ రోజు నుంచి నేను నేర్చుకోవలసింది ఓర్పు అని నాకు తెలుసు. ఒక పిల్ల చేసిన తప్పును తన తప్పుగా చెప్పుకుని, పోగొట్టుకున్నదాన్ని లెక్కపెట్టని మనిషి దగ్గర నేర్చుకోవలసింది అదే. కానీ నాకు అబ్బింది అది కాదు. నాకు భయం అబ్బింది. ఇప్పుడు నేనూ ఇక్కడే, అబూధాబీ శివార్లలో ఒక ఫ్లాటులో ఉంటున్నాను. నాకో అయిదేళ్ళ కూతురు. మా ఆయన ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారన్న మాట నెల రోజులుగా వింటున్నాం. పిల్లకు ఇంకా చెప్పలేదు. అది నిన్న బడిలో చేసిన కాగితం పూలన్నీ తెచ్చి జిగురుతో గోడకు అంటించబోయింది. వద్దని గట్టిగా అరిచాను. ఎందుకమ్మా అని అడిగితే చెప్పడానికి నా దగ్గర మామకున్నంత మంచి అబద్ధం కూడా లేదు.

ఏ ఇంట్లో అడుగుపెట్టినా అది ఎక్కడ విడిపోతుందో నా కళ్ళు ముందుగా వెతుకుతాయి. సోఫాలో, గోడల్లో, మా మాటల్లో కూడా. నా కూతురికి అవేవీ ఇంకా కనపడవు. కనపడకూడదనే కోరుకుంటాను. కనపడకపోతే ఇక్కడ ఎలా బతుకుతుందా అని భయపడతాను.