బస్టాండ్ ఎదురుగా, కమలాపురం

లామినేషన్ మిషన్ వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది. కాలీకాలని ప్లాస్టిక్ వాసన. పోయిన వారం మా పరిశోధన సంస్థ ఆఫీసులో కొత్త గుర్తింపు కార్డు కోసం నిలబడి ఉంటే ఆ వాసన ముక్కుకు తగిలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమాస్తా పాపం, నాకు ఏసీ పడలేదనుకుని రిమోట్ వెతకసాగాడు. కార్డు మీద ఎస్తేరు అని నా పేరు, దాని కింద పెద్ద అక్షరాల్లో సంస్థ పేరు, నగరం పేరు. ఆ చిరునామా చూస్తే ఎవరైనా లేచి కుర్చీ వేస్తారు. నాకు మాత్రం నా మొదటి చిరునామా గుర్తొచ్చింది. దాన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. దాన్ని నాకు ఇచ్చింది జైనాబీ ఆపా.

కమలాపురం బస్టాండ్ ఎదురుగా ఆపాకు నెట్ సెంటర్ ఉండేది. భర్త నడిపిన ఫోన్ బూత్‌ను ఆయన పోయాక ఆమె జిరాక్స్ షాపుగా, ఆ తర్వాత నెట్ సెంటర్‌గా మార్చుకుంది. ఆడమనిషికి బస్టాండ్ దగ్గర షాపేంటని చెవులు కొరుక్కున్నవాళ్లే తర్వాత పిల్లల హాల్‌టికెట్ల కోసం ఆమె ముందు వరుసలో నిలబడ్డారు. నేను కడపలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి అప్పటికి ఖాళీగా ఉన్నాను. పరిశోధన సీటు కోసం వెళ్లిన ప్రతిచోటా “అనుభవం ఏముంది?” అని అడిగి పంపేశారు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టయింది నా పని. మా నాయనకు వేరుశనగ చేను తప్ప వేరే ఆధారం లేదు. అందుకని ఆపా దగ్గర ఆపరేటర్‌గా చేరాను. ఆమె మొదటిరోజే ఒక పద్ధతి నేర్పింది. ఏ దరఖాస్తయినా పంపే ముందు కీబోర్డు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదవాలి. “చేయి తీసి చూడు పాపా. చేయి ఆడనే ఉంటే నొక్కేయాలని గులగా ఉంటాది,” అనేది. నేను తొందరపడితే నా చేతులు తనే పట్టుకుని కిందికి దించేది.

నక్షత్రాలను అందరూ రాత్రిపూట చూస్తారు. మేము ఎండ మండిపోయే మధ్యాహ్నాల్లో చూశాం. కడప ఎండకు ఆ వేళలో కాకి కూడా బయటికి రాదు, ఇక కస్టమర్లు ఎక్కడినుంచి వస్తారు? ఆపా షట్టర్ సగం దించి నడుము వాల్చేది. నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. అంతరిక్షంలో ఉన్న ఒక టెలిస్కోప్ నక్షత్రాల వెలుగును ఆగకుండా కొలిచి పంపుతుంది. నక్షత్రం ముందునుంచి దాని గ్రహం అడ్డంగా పోతే వెలుగు కాస్త తగ్గి, మళ్లీ మామూలవుతుంది. గీత గీస్తే అక్కడ చిన్న గుంత పడుతుంది. పదేపదే వచ్చే గుంతలను కంప్యూటర్లు తేలిగ్గా పట్టుకుంటాయి. ఎప్పుడో ఒకసారి వచ్చేది వాటికి జారిపోతుంది, దానికి మనిషి కన్ను కావాలి. అందుకే ఆ గీతలన్నీ ఎవరైనా చూసి, గుంత కనిపిస్తే గుర్తుపెట్టేలా ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు.

ఒక మధ్యాహ్నం ఆపా లేచి వచ్చి నా వెనక నిలబడింది.

“ఏం చూస్తాండావు?”

“నక్షత్రాలు ఆపా.”

“ఈ ఎండలోనా?” అని నవ్వింది. నేను వివరంగా చెప్పాను. ఆమె విని, తన వృత్తికి తగ్గ ప్రశ్నలు మొదలుపెట్టింది. “ఆధార్ అడిగినారా?”

“లేదు.”

“కులం సర్టిఫికెట్? ఇన్‌కమ్ సర్టిఫికెట్?”

“ఏమీ అడగలేదు ఆపా. ఎవరైనా చూడొచ్చు.”

“అయితే మోసమే! కాగితం అడక్కుండా మనకెవుడిస్తాడు? ఓటీపీ వస్తే మాత్రం చెప్పాకు, చూడు.”

చాలా రోజులు ఆ ఓటీపీ కోసం ఎదురుచూసింది. నా ఫోన్ మోగితే చాలు, “వచ్చిందా?” అని అడిగేది. రాలేదు. చివరికి తనే ఒక నిర్ణయానికి వచ్చింది. “ఆకాశం ఒకటే మిగిలినట్టుండాది, మనల్ని ప్రూఫ్ అడగనిది. చూసుకో పాపా, కరెంటున్నంతసేపు చూసుకో.” ఆ రోజునుంచి మధ్యాహ్నాలు నావి. ఎవరైనా షట్టర్ కింద తలపెట్టి పిలిస్తే, “పాపకు పని ఉండాది, సాయంత్రం రాప్పో,” అని గద్దించేది.

నా గుంత కూడా అలాంటి మధ్యాహ్నమే కనిపించింది. చదునుగా పోతున్న గీత ఒకచోట మెత్తగా దిగి, అడుగున కాస్త నిలిచి, మళ్లీ మెత్తగా పైకి లేచింది. గుర్తుపెట్టి పంపబోతుంటే ఆపా నా మణికట్టు పట్టుకుంది. “చేయి తీసి చూడు.” నాకు ఒళ్లు మండింది. అయినా చేతులు తీశాను. పక్క నక్షత్రం వెలుగు ఇందులో కలిసిందేమో చూశాను. టెలిస్కోప్ కదిలినప్పుడు పడిన మచ్చేమో చూశాను. అవేవీ కావని తేలేసరికి వారం పట్టింది. అప్పుడు పంపాను. ఒక పెద్ద నగరంలోని పరిశోధకుల బృందం దాన్ని తీసుకుని నేలమీది పెద్ద టెలిస్కోపులతో సరిచూసింది. అది గ్రహమే. మన ఏడాది కంటే దాని ఏడాది చాలా పెద్దది. వార్త వచ్చినరోజు ఆపా బస్టాండ్‌లో కండక్టర్ల దగ్గరనుంచి సోడాబండి దాకా అందరికీ చాయ్ తాగించింది.

తర్వాత ఆ బృందం నడిపే పెద్దాయన ఫోన్ చేశాడు. షాపులో మిషన్ల మోత ఎక్కువని స్పీకర్ పెట్టాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. “వ్యాసంలో రచయితల పేర్ల పక్కన సంస్థల చిరునామాలు ఉండాలమ్మా. మీకు సంస్థ లేదు కదా. చివర కృతజ్ఞతల్లో ‘ఒక వాలంటీర్’ అని రాస్తాం. బాధపడకండి.” ఆ వ్యాసంలో నా పేరుంటేనే నాకు సీటు. లేకపోతే జీవితాంతం దరఖాస్తులు నింపుకుంటూ కూర్చోవాల్సిందే. సరే సార్ అనబోయాను. ఆపా ఫోన్ లాక్కుంది.

“సార్, నమస్తే. పాప అడ్రస్సు చెప్తాండా, రాసుకోండి. జైనాబీ నెట్ సెంటర్, బస్టాండ్ ఎదురుగా, కమలాపురం, కడప జిల్లా.”

“అది పరిశోధన సంస్థ కాదు కదమ్మా,” అన్నాడాయన.

“పరిశోధన యాడ జరిగింటే అదే గదా సార్ సంస్థ? ఈడ జరిగింది. నా కండ్లారా చూసినా.”

ఆయన గొంతు మారింది. “ఆ డేటా అందరిదేనమ్మా. మీరిలా పట్టుబడితే మేమే మొదటినుంచి చూసి రాసుకోగలం.”

“రాసుకోండి. పాప గుర్తు పెట్టిన తేదీ ఆ వెబ్‌సైట్‌లోనే ఉండాది, లోకమంతా చూస్తాది.” ఆపా గొంతు పెంచలేదు. “సార్, నా సెంటర్‌కు రోజూ జనాలొస్తారు. మనిషి ఉంటాడు, ఇల్లు ఉంటాది, కాగితం లేదని ఆఫీసులోళ్లు తిప్పి పంపుతారు. అది చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. ఆకాశం కాడ కూడా ఇదేనా?”

ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను ఆపా మీద విరుచుకుపడ్డాను. అంతా పోయిందని, నోటికాడి కూడు ఆమె నోటి దురుసువల్లే పోయిందని ఏడ్చాను. ఆమె విన్నంతసేపు విని, “పోతే పోనీ. పేరు లేకుండా చాకిరీ చేసేటోళ్లు మన ఊర్లో శానామంది ఉండారు. ఇంగొకరు తక్కువైతే ఏం కాదులే,” అని, పాస్‌పోర్ట్ ఫోటో కోసం వచ్చిన ముసలాయన కాలర్ సరిచేయడానికి వెళ్లిపోయింది. ఆ మాట నాకు అర్థం కావడానికి రెండురోజులు పట్టింది. ఆ తక్కువయ్యే ఒకరు నేనే కావాలని ఆమె అన్నదని అర్థమయ్యాక ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది, ఆమె మీద కాదు. ఆ కోపం ఇంకా పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు.

ఆపా మాట తగిలిందో, వెబ్‌సైట్‌లోని తేదీకి జంకాడో, నెల తిరగకముందే ఆయన అచ్చుకు ముందు చూసుకోమని వ్యాసం ప్రతి పంపాడు. పెద్ద పెద్ద సంస్థల చిరునామాల మధ్య మాది. ‘బస్టాండ్ ఎదురుగా’ అన్నది కూడా ఆయన వదలలేదు. నేను గంతులేస్తుంటే ఆపా కళ్లద్దాలు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చూసింది. “పిన్‌కోడ్ లేదే? వేయమను,” అంది. వేయించాం. అచ్చయ్యాక మొదటి పేజీని లామినేషన్ చేసి రేట్ల బోర్డు పక్కన తగిలించింది. తర్వాతి ఇంటర్వ్యూలో ఒకాయన ఆ చిరునామా చదివి పక్కాయనకు చూపించి నవ్వాడు. “ఇదేంటమ్మా?” అన్నాడు. “నేను గ్రహాన్ని చూసిన చోటు సార్,” అన్నాను. తర్వాత ఎవరూ నవ్వలేదు. సీటు ఇచ్చారు.

ఆపా మొన్నటి వేసవిలో గుండె ఆగి చనిపోయింది. షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను వెళ్లేలోపే గోడకున్న ఆ లామినేషన్ పేజీని ఎవరో తీసి పారేశారు. కార్డు తీసుకుని గదికి వచ్చాక కూడా ఆ వాసన నన్ను వదల్లేదు. సరిగ్గా ఆ సాయంత్రమే మా సీనియర్ ఒకాయన వచ్చి, ఆదోని దగ్గర ఒకమ్మాయి మంచి గుంత పట్టిందని, సంస్థ లేదు కాబట్టి కృతజ్ఞతల్లో వేద్దామని అన్నాడు. కుదరదన్నాను. నియమం అన్నాడు. ఆ నియమం ఎప్పుడో తప్పింది, కావాలంటే నా మొదటి వ్యాసం చూడమన్నాను. ఆయన ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఎక్కడ కూర్చుని చూశావని అడిగాను.

“మాయమ్మ టైలర్ షాపులో అక్కా, మిషన్ పక్కన కూసోని. అది రాస్తే నవ్వరా?”

“నవ్వనీ. బోర్డు మీద ఏముందో అది చదువు.”

ఆమె బయటికి వెళ్లినట్టుంది, బస్సు హారన్ వినిపించింది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టుగా, తడబడుతూ చదివింది. నేను రాసుకుని, పెన్ను పక్కన పెట్టి, చేతులు ఒళ్లోకి తీసుకుని ఒకసారి మొత్తం చూశాను.

“పిన్‌కోడ్ కూడా చెప్పు పాపా,” అన్నాను.