అమ్మ ఒలిచిన రొయ్యలు

మాది రామాపురంలో చేపలవేట చేసుకునే కుటుంబం. బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు, వెన్నెముక లేని జీవుల మీద ప్రాక్టికల్ పరీక్షకి రొయ్యలు తెమ్మన్నారు. "మేడమ్ గారికి చూపించాలమ్మా, మంచివి పెట్టు" అని అమ్మతో చెప్పాను.

పరీక్ష గదిలో డబ్బా తెరిచి చూద్దును కదా, రొయ్యలకి తలల్లేవు, కాళ్లు లేవు, పొట్టు లేదు!

"ఏంటమ్మా ఇవి?" అన్నారు మేడమ్.

"పెద్దవాళ్లకి ఇచ్చేవంటే మా అమ్మ ఒలవకుండా పంపదండి" అన్నాను.

ఆవిడ నవ్వేశారు. "అయితే మీ అమ్మ ఏమేం తీసేసిందో చెప్పు."

ఒంటి మీది గట్టి పెంకు, కీళ్లున్న కాళ్లు, రెండు జతల మీసాలు... సంధిపాద జీవుల్లో రొయ్యకుండే లక్షణాలన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. నన్ను పాస్ చేసిన ఆ నవ్వుకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఇంటికెళ్లగానే అమ్మ ఆత్రంగా అడిగింది. "మేడమ్ గారు ఏమన్నారే?"

"ఒక్క పొట్టుముక్క కూడా కనబడలేదన్నారమ్మా" అన్నాను. అమ్మ మొహం వెలిగిపోయింది.