చిల్లు పెట్టని క్యాను

తళి ఊరి దగ్గర గులాబీ తోటలో నాగవేణి చేసే పనుల్లో ఆఖరిది ఖాళీ క్యాన్లకు చిల్లులు పెట్టడం. పురుగుమందు అయిపోయిన క్యానును బాగా కడిగి, అడుగున మేకుతో పొడిచి, షెడ్డు వెనక పడేయాలి. చిల్లు ఎందుకంటే, మన జనం సంగతి తెలిసిందే. మూత ఉన్న డబ్బా కనబడితే చాలు, నీళ్లకో నూనెకో పనికొస్తుందని ఇంటికి పట్టుకుపోతారు. ఆమె పనిలో చేరాక చిల్లు లేకుండా ఒకే ఒక్క క్యాను ఆ గేటు దాటింది. దాటించింది ఆమే.

నాగవేణి చెడ్డ మనిషి కాదు. తండ్రి పోయాక చదువు మానేసి తోటపనికి వచ్చిన పిల్ల, తల్లిని కంటికి రెప్పలా చూసుకునే పిల్ల. కాకపోతే పదిమందిలో పేరంటే కాస్త ఆశ. వాళ్ల ఊళ్లో పై వీధికి కొళాయి లేదు. ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు నింపుకోవడమే. ఆ ఇళ్లన్నింటికీ చేతులు కడుక్కునే స్టాండ్లు పెడదామని ఊరి కుర్రకారును కూడగట్టింది ఆమే. నీళ్లు అమ్మేవాళ్ల దగ్గర పాత క్యాన్లు అడిగి తెచ్చి, ఒక్కోదానికి చిన్న కొళాయి బిగించారు. తోటలో మోటార్లు చూసే దర్శన్ ఇనుప స్టాండ్లు వెల్డింగ్ చేశాడు. ఉల్లిపాయల వలసంచి ముక్కల్లో సబ్బులు కట్టి వేలాడదీశారు. మొట్టమొదటి క్యాను నాగవేణి తన ఇంట్లోనే పెట్టుకుంది. వాళ్లమ్మ మురిసిపోయింది.

పంచే రోజున వీధి చివర వరమ్మ ఇంటికొచ్చేసరికి క్యాన్లు అయిపోయాయి. "రేపు ఇస్తాము అవ్వా" అంటే సరిపోయేది. కానీ చుట్టూ జనం, ఫోన్లలో ఫోటోలు. ఆ మాట నాగవేణి నోట రాలేదు. తోటకు పోయి, కడిగి ఇంకా పొడవని తెల్ల క్యాను ఒకటి తెచ్చేసింది. మళ్లీ సబ్బుపొడి వేసి తోమి, కొళాయి బిగించి వరమ్మకు ఇచ్చింది. చేతులకే కదా, ఎవరైనా తాగుతారా అని మనసుకు సర్దిచెప్పుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా!

వరమ్మ కూడా ఆ తోటలోనే పూలు కోస్తుంది. ఆ వారంలోనే ఒకరోజు, ఇద్దరూ షెడ్డులో పూలు కట్టలు కడుతుండగా ముసలామె సంబరంగా చెప్పింది.

"నువ్విచ్చిన క్యాను శానా బాగుండాది నాగవేణమ్మా. చేతులు కడిగేదానికి అంత మంచిది యాల? చెంబు చాలదా? తాగేదానికి పెట్టుకున్నాము."

నాగవేణి చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఎప్పటి నుంచి అవ్వా?"

"కొత్త కుండ మాదిరి మూడు దినాలు నీళ్లు పోసి నానబెట్టినాను. ఈ పొద్దే అవి పారబోసి, తాగే నీళ్లు నింపి వచ్చినాను."

ఇంట్లో వరమ్మ కోడలు ఆశ, మూడేళ్ల మనవరాలు శక్తి ఉన్నారు. నాగవేణి ఆశకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. వరమ్మతో ఒక్క మాటైనా చెప్పకుండా బయటికి పరుగెత్తి, దర్శన్ బండెక్కింది. దారిలో విషయం చెప్పేసరికి వాడికి బండి అదుపు తప్పబోయింది.

"నానబెట్టినారు కదక్కా, ఏమీ కాదులే. కొళాయి కారతా ఉండాదని చెప్పి ఎత్తుకొచ్చేస్తాము. ఎవురికీ తెలీదు."

ఆ మాట నాగవేణికీ తియ్యగానే వినిపించింది. అందుకే తన మీద తనకే భయమేసింది.

వాళ్లు వరమ్మ ఇంటికి చేరేసరికి శక్తి గడప మీద కూర్చుని, రెండు చేతులా గ్లాసు పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. నాగవేణి బండి మీది నుంచి దూకి గ్లాసును ఒక్క దెబ్బ కొట్టింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. బట్టలు ఉతుకుతున్న ఆశ తడి చేతులతో వచ్చింది.

"ఏమక్కా, పసిబిడ్డను అట్ల కొడతావా?"

"నీళ్లు తాగిందా?"

"పొద్దుటి నుంచి అదే పని. కొళాయి తిప్పేది దానికి ఆట."

వెనకనుంచి దర్శన్ అందుకున్నాడు. "ఆ కొళాయి కారతా ఉండాదంట, అందుకే..."

"నువ్వు ఉండప్పా," అంది నాగవేణి. "ఆశా, అది మందు క్యాను. నేనే తెచ్చినాను. పాపను ఎత్తుకో, ఆసుపత్రికి పోదాము."

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏ మందు అని. నాగవేణి పేరు చెప్పింది. కొళాయి కారుతోందన్న కథే చెప్పి ఉంటే ఈ ప్రశ్నకు ఎవరు జవాబిచ్చేవారు? సాయంత్రం దాకా పిల్లను మంచం మీదే పెట్టుకుని చూశారు. ఆశ ఒక్కసారి కూడా నాగవేణి వైపు తిరగలేదు. చివరికి శక్తి లేచి బిస్కట్టు అడిగింది. ప్రమాదం లేదు, నానబెట్టి పారబోయడం మేలైందని చెప్పి డాక్టరు ఇంటికి పంపాడు.

అప్పటికే తోట నుంచి వచ్చి అంతా విన్న వరమ్మ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒక్కటే అడిగింది.

"మీ అమ్మకయితే ఇచ్చింటావా ఆ క్యాను?"

"లేదవ్వా."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎక్కడికీ పోలేదు, నాగవేణి వెంటే ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున పై వీధిలో అందరి ముందూ ఆ క్యానుకు మేకు దింపి, తను చేసింది చెప్పింది. కొందరు ఇళ్లలోకి పోయి తమ క్యాన్లు వాసన చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టేశారు. నాగవేణి ఇంటికి పోయి తమ క్యాను విప్పింది. వాళ్లమ్మ సబ్బు సంచి కూడా తీసి చేతికిచ్చింది.

నాగవేణి ఆ క్యాను తెచ్చి ఇస్తే, వరమ్మ మూత తీసి లోపల వాసన చూసింది. స్టాండు మీద పెట్టించి, బిందెడు నీళ్లు పోసింది. కొళాయి తిప్పి, గ్లాసు నింపి చాచింది.

"ముందు నువ్వు తాగమ్మా."

వీధంతా చూస్తోంది. నాగవేణి గ్లాసు అందుకుని ఆఖరి చుక్క దాకా తాగింది. వరమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకే చూసి, ఆ తర్వాతే మనవరాలిని పిలిచింది.

"రా శక్తీ, చేతులు కడుక్కుందువు."