కుట్టు మిషను పుస్తకంతో మోర్స్ పరీక్ష

బందరులో మా పెరట్లో రెండు కొబ్బరి చెట్ల మధ్య రాగి తీగ ఒకటి ఉండేది. అది ఏరియల్. దాని మీద తడిగుడ్డ ఆరేస్తే మా ఆయన ఇల్లు పీకి పందిరి వేసేవారు. వానాకాలంలో చీరలు మరెక్కడ ఆరేసుకోవాలో మాత్రం చెప్పేవారు కాదు.

ఆయన కోర్టులో గుమాస్తా. నేను ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచర్ని. పెళ్ళైన ఆరేళ్ళకి ఆయనకి రేడియో పిచ్చి పట్టింది. పాటలు వినే రేడియో కాదు, సొంతంగా బిగించుకుని దేశదేశాల వాళ్ళతో మాట్లాడే రేడియో. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన రిసీవరు ఒకటి మద్రాసు నుంచి మోసుకొచ్చి, మా భోజనాల బల్లని ఆక్రమించారు. కోర్టు నుంచి వచ్చింది మొదలు చెవులకి హెడ్‌ఫోన్లే. లైసెన్సు లేనిదే గాలిలోకి ఒక్క చుక్క కూడా పంపకూడదట. లైసెన్సు కావాలంటే చుక్కలూ గీతలుగా వినిపించే మోర్స్‌ని అక్షరాల్లో రాసే పరీక్ష పాసవ్వాలి.

ఆయన వినాలంటే ఎవరో ఒకరు కొట్టాలిగా. ఆ ఎవరో నేనే. అక్షరాల పట్టిక గోడకి అంటించి, నొక్కితే బజరు మోగే మీట ఒకటి నా చేతికిచ్చారు. దాన్ని కీ అంటారట. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే నేను బల్ల దగ్గర కూర్చుని కొట్టేదాన్ని, బజరు కుయ్ కుయ్ మనేది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "మీ ఆయన తారాఫీసులో చేరారా ఏంటమ్మా?" అని అడిగేవారు.

"ఏం కొట్టమంటారండీ?" అంటే, నా కుట్టు మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసిచ్చారు. "ఏదైతేనేం, అక్షరాలేగా!" అన్నారు. దారం ఎలా ఎక్కించాలో, నూనె ఎక్కడ వెయ్యాలో ఐదు నెలలు కొట్టాను. ఆయన ఒక్క తప్పు లేకుండా రాసేవారు. ఆదివారం చర్చిలో కూడా బెంచీ మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చునేవారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

మద్రాసు వెళ్ళి ఫెయిలై వచ్చారు. పరీక్షలో మొదటి మాట 'బిఫోర్' అని వినిపించిందట. నా పుస్తకం మొదలయ్యేదీ ఆ మాటతోనే. ఇంకేముంది, చెవి ఆగిపోయింది, చెయ్యి సాగిపోయింది. దారం ఎక్కించే ముందు సూదిని పైకి లేపవలెనని మొత్తం రాసి తలెత్తేసరికి టైమైపోయింది.

"నువ్వు రోజూ ఆ పుస్తకమే కొట్టబట్టి!" అన్నారు గుమ్మంలోనే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం అవతల పారేసి కీ ముందు కూర్చున్నాను. "రాసుకోండి" అన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. తెచ్చిన వంకాయలు కుళ్ళిపోయాయి, తీగ మీద చీర ఆరేయనివ్వరు, బల్ల లేక నేల మీద తింటున్నాం, గూడూరులో మా అమ్మకి పది రోజులుగా జ్వరం. కోపంలో చెయ్యి ఎంత వేగంగా ఆడిందో నాకే తెలీదు. తర్వాత నేనేమంటానో ఆయన ఊహించే దారి లేదు. ఈ ఆరేళ్ళలో ఏనాడూ ఊహించలేదు. వంచిన తల ఎత్తకుండా, ఒక్క అక్షరం పోకుండా రాశారు.

రాసింది చదువుకుని తెల్లబోయారు. "మీ అమ్మగారికి జ్వరమా? చెప్పలేదేంటి?"

"నాలుగుసార్లు చెప్పానండీ, నోటితో."

మర్నాడే ఇద్దరం గూడూరు బస్సెక్కాం. ఆ తర్వాత కూడా ఆయనకి చెప్పాల్సినవన్నీ కీ మీదే చెప్పాను. రెండోసారి పరీక్ష పాసయ్యారు. లైసెన్సు వచ్చిన రోజు, "ఇంక నువ్వు కొట్టక్కర్లేదులే" అంటూ బల్ల మీంచి ఆ కీ తియ్యబోయారు.

నేను తియ్యనివ్వలేదు.