గోవిందుడి వాచీ

మొన్న మా దీవిలోని క్యూర్‌పిప్ పట్నంలో పాత వాచీల కొట్టుకు వెళ్లి, ఒక సైన్యం వాచీని వెనక్కి తిప్పి చూశాను. మూడు గీతలు పైన ఒక్కచోట కలిసే బాణం గుర్తు. నవ్వాపుకోలేకపోయాను.

బాన్ అక్యూయ్ ఊళ్లో మా పెదనాన్నకు కాస్త చెరకు తోట ఉండేది. యుద్ధానికి వెళ్లొచ్చిన వాళ్లను బతిమాలి సంపాదించిన సైనిక వాచీలు ఆయన దగ్గర పదకొండు ఉండేవి. వాటిలో ఒకటి ఈజిప్టులో టాంకు కింద రోజంతా పడి ఉన్నా ఆగలేదట. నేనైతే మూడు రోజులని చెబుతుంటాను.

చిన్నప్పుడు, మావాళ్లు గోవిందుణ్ణి కొలిచే గోవింద నెలలో ఒక శనివారం దాన్ని వెనక్కి తిప్పి తలకిందులుగా పట్టుకున్నాను. మూడు గీతలూ కింద కలిసి అచ్చం గోవింద నామంలా కనిపించాయి! దేవుడి వాచీ దొరికిందని పళ్లెంలో పెట్టి గ్లాసుడు పాలతో అభిషేకం చేశాను. టాంకుకు లొంగని వాచీ పాలకు ఆగిపోయింది.

“అయో, మోంత్‌కి పాలు పోసినావా పిల్లా?” పెదనాన్న పరుగున వచ్చాడు.

“నామం ఉంది కదా పెదనాన్నా, చూడు!”

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మూత విప్పి, ఆవగింజంత చక్రాలను కూడా ఒక్కొక్కటే తుడిచి, సాయంత్రానికల్లా మళ్లీ నడిపించాడు. అంత ఓపికైన చేతులు నేనింకెక్కడా చూడలేదు.

ఆ బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని చెప్పే ముద్ర. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు, నాకు తెలిసేసరికి మా దీవికి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది. ఆ శనివారం తర్వాత మాత్రం, చెరకు మిల్లు తెల్లదొర చూడ్డానికి వస్తే వాచీని నిటారుగా చూపించేవాడు. మనవాళ్లెవరైనా వస్తే తలకిందులుగా పట్టుకుని, “గోవిందుడిది, దండం పెట్టుకోండి” అనేవాడు.