మేనమామ నోట్లో జీలకర్ర బెల్లం

నాకు షుగరు వచ్చిన సంగతి ముందు నా వేలికి తెలిసింది. అప్పట్లో పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగు దగ్గర సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. జీడిపిక్కల రసం తగిలి వేళ్ళు పుండ్లు పడడం అక్కడ మామూలే, వారం తిరిగేసరికి మానిపోతాయి. నాది నెల దాటినా మానలేదు. టెక్కలిలో డాక్టరు ఆ పుండును ఇటూ అటూ తిప్పి చూసి రక్తపరీక్షకు రాశాడు. తొంభైల చివరి మాట. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు.

డాక్టరు రెండు మాటలు చెప్పాడు. తీపి మానెయ్యి, అన్నం తగ్గించు అన్నది మొదటిది. రెండోది మాత్ర గురించి. వేసుకున్న అరగంటలో తినాలట. తినకపోతే ఉన్న షుగరు కూడా పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మనిషి కూలబడినా కూలబడతాడు. అలాంటప్పుడు ఆలోచించకుండా పంచదారో బెల్లమో నోట్లో వేసుకోవాలి, జేబులో ఎప్పుడూ నాలుగు చాక్లెట్లు ఉంచుకోవాలి. ఇంటికొచ్చి రెండు మాటలూ మా ఆవిడకు చెప్పాను. ఊరికి మాత్రం మొదటిది ఒక్కటే చాటాను.

మాత్రలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా చుట్టాలతోనే. పలాస పక్కన మా ఉద్దానం ఊళ్ళలో సంబంధం కుదిరితే నోరు తీపి చెయ్యాలి, పిల్లాడు పదో తరగతి గట్టెక్కితే చెయ్యాలి, కొబ్బరితోటలో బోరుకి నీళ్ళు పడినా చెయ్యాలి. కొత్తకోడలితో సారె వచ్చిందంటే గడపగడపకీ మడతకాజాలూ లడ్డూలూ అరిసెలూ వెళ్తాయి. పుచ్చుకోని గడప అలిగిందని లెక్క. అలాంటి చోట బంతిలో కూర్చుని, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "నాకు బూరె వద్దు" అనడమంటే ఇల్లుగలాయన్ని నలుగురిలో చిన్నబుచ్చడమే.

"ఒక్కటి తింటే ఏటవుద్ది బావా? సచ్చిపోతావేటి?"

"సావను. కాలు తీసేత్తారు."

"శుభమా అని పెళ్ళికొచ్చి ఆ మాటలేటి! ఇయాలకి మాత్ర రెండేసుకో."

ఈ రెండు మాత్రల వైద్యం నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. ఒక పెద్దమ్మ నేరేడుగింజల పొడి పొట్లం చేతిలో పెట్టి, అదే చేత్తో విస్తట్లో లడ్డూ వేసింది. విరుగుడు ముందే ఇచ్చింది కదా, ఇంక భయమెందుకన్నది ఆవిడ ధీమా. భావనపాడులో పడవ ఉన్న స్నేహితుడొకడు గృహప్రవేశానికి పిలిస్తే, చేపలే కదా, తీపి గొడవ ఉండదని ధైర్యంగా వెళ్ళాను. వంజరం ముక్క వేసినప్పుడల్లా వెనకాలే అన్నం గరిటె వచ్చేది. చాలు అంటే, "సేప ఉత్తినే తింతారేటి, పిల్లులమా?" అని వాళ్ళ అమ్మ నవ్వింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుండేది నా బతుకు. తింటే ఒంటికి కోపం, మానేస్తే చుట్టాలకి కోపం.

నేను ఊరికే మొండికేశానని అనుకోవద్దు. అప్పటికే మా వైపు ఊళ్ళలో కిడ్నీలు పాడై మంచాన పడ్డవాళ్ళు ఉన్నారు. మా వీధిలోనే ఇద్దరు. షుగరు అదుపు తప్పితే కిడ్నీల మీదికి వస్తుందని డాక్టరు అన్నప్పటి నుంచి, ఆ రెండిళ్ళ ముందు నుంచి వెళ్ళలేక వెనక వీధి చుట్టి పోయేవాణ్ణి. ఆ భయమే కోపమైంది. మంచిగా వద్దంటే ఎవరూ వినరు కనక అరవడం అలవాటు చేసుకున్నాను.

అందరికంటే ఎక్కువ అరుపులు తిన్నది మా చెల్లెలి భర్త. మంచి మనిషి. ఉద్దానంలో కొబ్బరితోట, కొంచెం జీడితోట ఉన్నాయి. నాకు షుగరు వచ్చిన నాలుగో ఏట, వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, ఇంటర్ పాసైన రోజు పది మందిని భోజనానికి పిలిచాడు. నాకు విడిగా పంచదార లేని టీ తెచ్చి ఇచ్చాడు. ఒక గుక్క తాగగానే నాలుకకు తెలిసిపోయింది. సప్పటి టీ ఎలా తాగుతాడు పాపం అని జాలిపడి అర చెంచా వేశాడట. అందరి ముందూ ఆ టీ పెరట్లో పారబోసి, "నన్ను సంపీడానికి పిలిసినావా?" అని అరిచాను. మనిషి నల్లబడిపోయాడు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "బావా, ఇంక నా ఇంట్లో సిటికెడు పంచదార నీ నోటికి తగల్నిత్తే నన్నడుగు" అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ బంతిలో కూర్చున్నా నా వెనకాల నిలబడి, తీపి గిన్నెతో వచ్చేవాళ్ళని అటు నుంచి అటే తోలేసేవాడు. నేనూ ఊరుకోలేదు. ఒకటి రెండుసార్లు కావాలనే, "టీలో కొంచెం పంచదార ఎయ్యి" అని అడిగి చూశాను. "పరీచ్చ పెడతన్నావేటి బావా?" అని నవ్వి, సప్పటి టీయే ఇచ్చాడు. లోకంలో ఒక్కడైనా దారికొచ్చాడని సంబరపడ్డాను.

జేబులో చాక్లెట్ల సంగతి కూడా చెప్పాలి. మొదట్లో బుద్ధిగానే ఉంచుకునేవాణ్ణి. ఒక సీమంతంలో అక్షింతలు వెయ్యడానికి వంగితే నాలుగూ జారి పీటల ముందు పడ్డాయి. "ఓలమ్మో, సూడండే! మనమెడితే వద్దని అరిసీసి, సాటుగా సాకలెట్లు తింతన్నాడు!" అని ఒకావిడ అందుకుంది. ఆడా మగా విరగబడి నవ్వారు. మాత్ర, అరగంట, చెమటలు అని అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెబితే, తీపి తినొచ్చని డాక్టరే అన్నాడంటారు, మళ్ళీ లడ్డూల దండయాత్ర మొదలవుతుంది. అందుకే నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి చాక్లెట్లూ మానేశాను.

ఇదంతా జరిగి రెండేళ్ళకి మేనకోడలి పెళ్ళి కుదిరింది. మా చెల్లికి సొంత అన్నను నేనొక్కణ్ణే. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్ళాల్సింది మేనమామ. ఆ పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి ఎత్తుకొచ్చింది నేను. బుట్ట కూడా నా చేతుల మీదే వెళ్ళాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. పెళ్ళికి వారం ముందు పెదనాన్న కొడుకు, నాకు తమ్ముడు, అందరూ ఉండగా అన్నాడు. "అన్నియ్యకి సుగరు కదా, ఎత్తగలడేటి? నానెత్తుతాన్లే."

ఒళ్ళు మండిపోయింది. "జీడిపప్పు డబ్బాలు నాను ఎత్తినన్ని నువ్వెత్తగలవేట్రా?" అన్నాను. షుగరు వచ్చినవాణ్ణి ముసలాళ్ళలో కలిపేసి మూల కూర్చోబెడతారు. విందులో నా విస్తరి ఎలాగూ వేరైపోయింది. వేడుకలో నా చోటైనా నాకు ఉండాలని పంతం పట్టాను.

పెళ్ళి పది గంటల చిల్లరకి. పొద్దున్న ఆరున్నరకి మాత్ర వేసుకున్నాను. ఇడ్లీలు దిగుతున్న వాసన వస్తోంది, ఇంకో పావుగంటలో తినొచ్చనుకున్నాను. మగపెళ్ళివారి బస్సు ఇచ్ఛాపురం అవతల నుంచి రావాలి. రాలేదు. వాళ్ళ టిఫిన్లు కాకుండా ఆడపెళ్ళివారు నోట్లో ఏమీ వేసుకోకూడదని మా మేనత్త పట్టు. చాటుగా రెండు ఇడ్లీలు అడిగితే ఎవరు కాదంటారు? కానీ అడిగితే, "సూసినావా, ఆగలేడు" అని తమ్ముడు అంటాడు. మా ఆవిడ ఉంటే తిట్టి తినిపించేది. ఆవిడ తెల్లారే ఏర్పాట్లు చూడ్డానికి వీధి చివర విడిదింటికి వెళ్ళిపోయింది. బస్సు పలాసలో రైలు గేటు దగ్గర చిక్కుకుని తొమ్మిదిన్నరకి వచ్చింది. ఇంక వాళ్ళ కాళ్ళకి నీళ్ళు, టిఫిన్లు, కాఫీలు. వడ్డించేవాళ్ళలో నేనూ ఉన్నాను. చట్నీ గరిటె వణకడం మొదలైంది అప్పుడే.

పది నిమిషాల్లో చొక్కా తడిసి ముద్దయింది. మనుషులు ఒకరు ఇద్దరుగా కనిపిస్తున్నారు. సంగతి అర్థమైంది. వంటల పందిట్లోకి వెళ్ళాను. బూందీ లడ్డూలు చాప మీద గుట్టగా పోసి ఉన్నాయి. వంటాయనతో, "గుప్పెడు పంచదార ఇయ్యి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బాబూ, తమరడిగినా ఇవ్వొద్దని సెప్పేరు" అని, మా చెల్లెలి భర్తని కేకేశాడు.

ఆయన నవ్వుతూ వచ్చాడు. "బావా, కూతురి పెళ్ళిలో కూడా పరీచ్చేటి?"

"పరీచ్చ కాదు. ఇయ్యి" అన్నాను. నాలుక మడతపడింది. ఇంకో మాట రాలేదు. చెయ్యి లడ్డూల వైపు చాపితే ప్రేమగా పట్టుకుని వెనక్కి తీశాడు. "ఇయ్యరా!" అని అరిచాను. నా అరుపు ఆయనకి కొత్తా? ఆరేళ్ళుగా వింటున్నదే. గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి తాగించి, ఉత్తరీయంతో నా మొహం తుడిచి, "మాటంటే మాటే బావా. నానుండగా నీకు తీపి తగల్నివ్వను" అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అంత ప్రేమ మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

ఇంతలో పురోహితుడు పెళ్ళికూతుర్ని తెమ్మన్నాడు. ఎలా నడిచానో తెలియదు, గదిలోకి వెళ్ళాను. గౌరీపూజ అయిపోయి మేనకోడలు బుట్టలో కూర్చుని ఉంది. పక్కనే పళ్ళెంలో తమలపాకు కప్పిన జీలకర్ర బెల్లం ముద్ద. వంగి బుట్ట అంచు పట్టుకున్నాను. వేళ్ళు బిగుసుకోలేదు. నా చెమట చుక్క ఆ పిల్ల చేతి మీద పడింది. తల ఎత్తి చూసింది.

"మావా, పొద్దుట్నించి ఉపాసంతో నాకే కళ్ళు తిరుగుతున్నాయి. నువ్వెప్పుడు తిన్నావు?"

"తినలేదు. మాత్ర ఏసుకున్నాను. తీపి..." అన్నాను.

ఆ పిల్ల తమలపాకు పక్కకి తోసి, జీలకర్ర బెల్లం వేళ్ళతో తీసి నా నోట్లో పెట్టింది. ఇంకోసారి తీసి పెట్టింది. మా మేనత్త గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, అది తల మీద పెట్టీదే! ముహూర్తానికేటి మిగుల్తాది?"

"మిగిలింది సాల్లే అమ్మమ్మా. నా తల సిన్నదే" అంది.

గోడకి ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి చూపు కుదురుకుంది. ఎదురుగా చెల్లెలి భర్త గ్లాసుతో నిలబడి ఉన్నాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు చెప్పిన రెండో మాట అప్పుడు చెప్పాను. ఆయన కింద కూలబడి, "మరెందుకు సెప్పలేదు బావా?" అన్నాడు. ముహూర్తం దాటిపోతోందని బయట నుంచి కేకలు. తమ్ముడు గుమ్మంలో తచ్చాడుతున్నాడు. "రారా, అటేపు పట్టు" అన్నాను. బుట్ట నాలుగు చేతుల మీద వెళ్ళింది.

పెళ్ళి ఆల్బంలో ఆ ఫొటో ఉంది. నా పెదవి మీద జీలకర్ర గింజ అంటుకుని ఉంటుంది. మా చెల్లి వచ్చినవాళ్ళందరికీ చూపించి, "పెళ్ళికొడుకు తల కంటే ముందు మా అన్నియ్య నోటికే ముహూర్తమైపోనాది" అంటుంది. నవ్వుతారు. నవ్వాక ఏం చేస్తారో తెలుసా? "ఆరోజు తీపే కదా నిన్ను నిలబెట్టింది, ఇందా" అని లడ్డూ తెచ్చి పెడతారు. నేను మళ్ళీ అరుస్తాను. చెల్లెలి భర్త ఇప్పుడు జేబులో పటికబెల్లం పొట్లం పెట్టుకుని నా వెనకాల తిరుగుతాడు, నేను తుమ్మినా తీస్తాడు. ఆయన మీదా అరుస్తాను.

మేనకోడలు మాత్రం తన ఇంటికి వెళ్ళినప్పుడు లడ్డూ తిను అనదు, తినకు అనదు. కాళ్ళు కడుక్కోక ముందే అడుగుతుంది, "మావా, ఎప్పుడు తిన్నావు?" అని. ఎన్ని గంటలకి తిన్నానో చెబుతాను. నా తీపి గురించి ఆరేళ్ళు ఇంతమంది మీద అరిచాను గాని, ఈ ప్రశ్న అడగమని మాత్రం ఎవ్వరికీ చెప్పలేదు.